మొదటి నుంచి

కిసుములో సరస్సుకి వీపు పెట్టి కట్టిన
చేపల పరిశోధన కేంద్రం.
పదింటికి మొదలన్నారు.
పదకొండుకి ఏడుగురు, ఆరు ల్యాప్‌టాప్‌లు,
ప్రింటర్ మీద ఎవరో మరిచిన
ఎండు ఒమేనా చేపల పొట్లం.

నకూరు నుంచి రాత్రి బస్సులో వచ్చాను.
నిద్ర చాలని గొంతుతో చెప్పాను:
ఇది గడి. ఇందులో ఒక మాట రాయండి.
షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కండి.
జవాబు కిందే మొలుస్తుంది.
అదేరో రెండూ రెండూ కలిపింది.
చేప చెవిరాయి కోసి
వలయాల్లో వయసు చదవగల మనిషి,
నాలుగుని ఎన్నడూ చూడనట్టు
నవ్వింది.

వెనక కుర్చీలో డాక్టర్ ఒబురా చేతులు కట్టుకున్నాడు.
"నా లెక్కలు నా దగ్గరున్నాయి.
అడిగినవాళ్లకి ఇస్తాను."
ఎవరైనా అడిగారా?
"పన్నెండేళ్ల కిందట ఒక ఉత్తరం వచ్చింది.
జవాబు రాసేలోపు కంప్యూటర్ పోయింది."

భోజనాలయ్యాక ఆయనే ముందుకొచ్చాడు,
గాలపు దారానికి కట్టిన పెన్‌డ్రైవ్‌తో.
గంటన్నర పాటు రెండు వేళ్లతో కొట్టాడు,
రాశాడు, చెరిపాడు, పైకెక్కాడు, కిందికి దిగాడు.
పెద్ద చేప సగటు పొడవు:
నలభై ఒకటి పాయింట్ ఆరు.
అచ్చయిన వ్యాసంలో ఉన్నంతే!
"చూశావా" అన్నాడు. చూశాను.
గడుల పక్క అంకెలు చూశాను:
నాలుగు, తొమ్మిది, రెండు, పదిహేడు.

ఒక్కసారి దాని జ్ఞాపకం కడిగేసి
మొదటి నుంచి నడపండి, అన్నాను.
"మొదటి నుంచా?"
ఒకటో తరగతిలో కూర్చోమన్నట్టు చూశాడు.

ఒకటో గడి దాటింది. రెండోది దాటింది.
మూడో గడి కింద ఎర్రటి అక్షరాలు.
వలలు అనే పేరు నాకు తెలీదు, అంది యంత్రం.
"ఇందాక తెలుసుగా!"
ఇందాక మీరు చెప్పారు.
చెప్పిన గడి తర్వాత చెరిపేశారు.
కడిగేదాకా అది మరిచిపోలేదు, అంతే.

అప్పుడే కరెంటు పోయింది.
ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కనపడసాగాయి.
కిటికీలోంచి గుర్రపుడెక్క కుళ్లిన వాసన.

"కాగితం పుస్తకంలో అయితే" అన్నాడు, ఎవరితోనో,
"కొట్టేస్తే కొట్టేసినట్టు ఉండేది.
పొలుసులు కూడా అంటుకుని ఉండేవి.
కరువు ఏడాది అది. రాబువోర్ అని ఒకడు.
వాడి వల కన్ను మరీ చిన్నది, చట్టానికి చిక్కేంత.
వాడి చేపలు నా లెక్కలో ఉంటే
ఏ రేవు, ఏ పడవ అని తవ్వుతారు.
తీసేశాను.
తీసేసినట్టు ఎక్కడా రాయలేదు.
ఇవాళ కూడా చెయ్యి దానంతటదే
తీసేసింది."

నాకేం అనాలో తోచలేదు.
పాఠంలో ఆ చోట
కాసేపు విరామం అని రాసుకున్నాను నిజానికి.

జనరేటర్ దగ్గి లేచింది.
వలలన్నీ కలిపి ఆ గడి మళ్లీ రాశాడు.
మనుషుల పేర్లు తీసి నంబర్లు పెట్టడం చూపించాను.
ముప్ఫై ఎనిమిది పాయింట్ రెండు.
మూడున్నర సెంటీమీటర్లు తగ్గాయి,
నా బొటనవేలికి సగం పైన.

దాని పైన ఇంకో గడి తెరిచిచ్చాను.
ఇందులో కోడ్ వద్దు, మామూలు మాటలు చాలు.
లువో భాషలో మొదలుపెట్టి చెరిపాడు.
తర్వాత ఇంగ్లీషులో:
పాత లెక్కలో ఒక వల తీసేశాను, ఎందుకంటే
అక్కడ ఆగాడు. కర్సర్ కొట్టుకుంటూనే ఉంది,
గట్టున పడ్డ మొప్పలా.

నా బస్సు ఎనిమిదింటికి.
సంచీ సర్దుతుంటే అదేరో ఆ ఫైల్ తెచ్చుకుని
తన ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచి నడిపింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, వరసగా.
"ఇక్కడా అంతే వచ్చింది, డాక్టర్!"
ఆయన తల ఎత్తలేదు.
ఊఁ అన్నట్టే వినిపించింది.
జనరేటరేమో, చెప్పలేను.

పొట్లం మాత్రం ఎవరో విప్పారు.
నాకూ రెండు చేపలు పెట్టారు.
ఉప్పు ఎక్కువైంది.